బెంగళూరులో పనివాళ్ళ సహకార సంఘం పెట్టడం: మొదటి సభ నుంచి తొలి ఆడిట్ దాకా

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో హౌస్‌కీపింగ్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులు చేసేవాళ్ళలో అనంతపురం, సత్యసాయి, అన్నమయ్య, చిత్తూరు జిల్లాల మనుషులు చాలామంది. ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్ కట్టే బిల్లుకీ వాళ్ళ చేతికొచ్చే కూలికీ మధ్య ఒక కాంట్రాక్టరు ఉంటాడు. ఆ మధ్య స్థానంలో పనివాళ్ళ సొంత సంఘాన్ని నిలబెట్టే పనిలో కాగితాలు, లెక్కలు చూసే బాధ్యత నాది. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్ళకు పనికొచ్చేలా, ఎక్కడ ఏం కావాలో, ఏది ఎందుకు ఆగిపోతుందో రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది ఏ చట్టం కింద అన్నది. మనవాళ్ళ నోట 'సొసైటీ' అంటే అన్నీ ఒకటే. కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1960 కింద పెట్టేవి సేవా సంస్థలు, అసోసియేషన్లు. అందులో మిగులును సభ్యులు పంచుకోవడానికి లేదు కాబట్టి అది మనకు కుదరదు. భాగస్వామ్య సంస్థలో 50 మందికి మించకూడదు, పైగా అప్పు వస్తే సొంత ఆస్తి మీదకు వస్తుంది. ఎల్‌ఎల్‌పీకి, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి, ఆ భయం లేదు, ఇద్దరితోనే మొదలుపెట్టొచ్చు. కానీ కొత్తవాళ్ళు చేరినా, ఉన్నవాళ్ళు వెళ్ళినా ప్రతిసారీ ఒప్పందం మార్చి ఫైలింగ్ చేయాలి. మనుషులు తరచూ మారే పనిలో అది మోయలేని బరువు. ప్రొడ్యూసర్ కంపెనీ పేరు ఆకర్షణీయంగా ఉంటుంది గానీ అది రైతులు, చేనేతవాళ్ళు, చేతివృత్తులవాళ్ళ కోసం. గచ్చు తుడిచే పని, పైపు బిగించే పని అందులో ఇమడవు.

ఇక మిగిలినవి రెండు. ఒకటి కర్ణాటక సహకార సంఘాల చట్టం 1959, రెండోది సౌహార్ద సహకారి చట్టం 1997. ఆంధ్రాలో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అంటే మనం మాక్స్ అని పిలుచుకునేది, తెలిసినవాళ్ళకు సౌహార్ద సులువుగా అర్థమవుతుంది. ప్రభుత్వ వాటా ధనం ఉండదు, ప్రభుత్వ జోక్యం తక్కువ. అయినా మేం 1959 చట్టమే తీసుకున్నాం. సౌహార్ద కింద ఉన్నవాటిలో ఎక్కువ భాగం పొదుపు, అప్పుల సంఘాలు. లేబర్ కాంట్రాక్టు సంఘం అంటే ఏమిటో 1959 చట్టం చూసే ఆఫీసులకు ముందే తెలుసు. మాదిరి బైలా, అంటే సంఘం నియమావళి, కూడా దొరుకుతుంది. దాన్ని ఎలా మార్చుకోవాలన్నదే అసలు పని, దానికి తర్వాత వస్తాను.

ఆధార్‌లో హిందూపురమో మదనపల్లో చిరునామా ఉంటే బహుళరాష్ట్ర సంఘం పెట్టాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. సంఘం ఏ ప్రాంతంలో పనిచేస్తుందన్నదే లెక్క. పని బెంగళూరు దాటకపోతే రాష్ట్ర చట్టం చాలు. కాకపోతే సభ్యత్వ అర్హత దగ్గర 'సంఘం పరిధిలో నివసించే లేదా పనిచేసే వ్యక్తి' అని రాయాలి. 'నివసించే' అని మాత్రమే రాస్తే ఊరి చిరునామా ఉన్న ప్రతి ఆధార్ మీదా అభ్యంతరం వస్తుంది. ఇంటి అద్దె ఒప్పందం ఉంటే మంచిది. షెడ్డుల్లో, రూముల్లో ఉండేవాళ్ళకు అది దొరకదు కాబట్టి పనిచేసే చోటు నుంచి ఇచ్చిన ధ్రువపత్రం, ఈఎస్‌ఐ కార్డు తీసిపెట్టుకోవాలి. ఇంకో చిక్కు కుటుంబాల లెక్క. ప్రవర్తకులు, అంటే సంఘం పెట్టడానికి ముందుకొచ్చినవాళ్ళు, వేర్వేరు కుటుంబాలవాళ్ళై ఉండాలి. మొగుడూ పెళ్ళాం ఒకే సైటులో పనిచేయడం మనవాళ్ళలో మామూలు. జాబితాలో ఇద్దరినీ వేస్తే ఒక పేరు కొట్టేస్తారు, అప్పుడు సంఖ్య చాలక దరఖాస్తు వెనక్కి వస్తుంది. అందుకే కనీస సంఖ్య కంటే బాగా ఎక్కువమందితో వెళ్ళాలి. రెండో మనిషిని రిజిస్ట్రేషన్ అయ్యాక సభ్యురాలిగా చేర్చుకోవచ్చు.

దరఖాస్తుకు ముందు ప్రవర్తకుల సభ జరగాలి. ఆ సభ మినిట్స్‌లో సంఘం పేరు, ఉద్దేశాలు, పరిధి, షేరు విలువ, ప్రవేశ రుసుము, చీఫ్ ప్రమోటరు (ప్రవర్తకుల తరఫున ముందుండే మనిషి) ఎన్నిక, బ్యాంకు ఖాతా తెరిచే అధికారం ఎవరిదన్నది, అన్నీ తీర్మానాలుగా ఉండాలి. హాజరైన ప్రతి ఒక్కరి సంతకం లేదా వేలిముద్ర పడాలి. ఆ తర్వాత షేరు ధనం వసూలుకు సహకార శాఖ అనుమతి తీసుకుని, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో చీఫ్ ప్రమోటరు పేరుతో ఖాతా తెరిచి, ఒక్కొక్కరికీ రసీదిచ్చి డబ్బు జమ చేయాలి. అనుమతి రాకముందే వసూలు మొదలుపెడితే అదే పెద్ద అభ్యంతరమవుతుంది. వసూలయ్యాక బ్యాంకు నిల్వ పత్రం, సభ్యుల జాబితా, బైలా ప్రతులు, సంఘం ఎలా నిలబడుతుందో చూపే లెక్కల నివేదిక కలిపి అసిస్టెంట్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాలి.

ఫైలు ఆగేది ఎక్కువగా రెండు చోట్ల. అదే పరిధిలో అవే ఉద్దేశాలతో ఇంకో సంఘం ఉందంటారు. కాబట్టి ఉద్దేశాలను 'అన్ని రకాల కూలి పనులు' అని విశాలంగా రాయకుండా, నివాస, వాణిజ్య భవనాల నిర్వహణ, శుభ్రత, ప్లంబింగ్, విద్యుత్ మరమ్మతు అని తేల్చి రాయాలి. రెండోది, ఈ సంఘం లాభసాటిగా నడుస్తుందా అని అడుగుతారు. దీనికి మాటలతో జవాబు చెల్లదు. పని ఇస్తామని అసోసియేషన్లు రాసిచ్చిన లేఖలు రెండు మూడు, మొదటి మూడేళ్ళ ఆదాయ వ్యయాల పట్టిక జతచేయాలి. పత్రాలన్నీ కన్నడలో ఉంటాయి. దాఖలు చేసే ముందు బైలా మొత్తం సభలో తెలుగులో చదివి వినిపించి, అలా వినిపించినట్టు మినిట్స్‌లో రాయించాలి. రేపు గొడవ వస్తే 'నాకు తెలియకుండా సంతకం పెట్టించుకున్నారు' అన్న మాటకు చోటుండదు.

ఇప్పుడు బైలా. పనివాళ్ళ సంఘం కొన్నేళ్ళకు పది మంది యజమానులు, యాభై మంది కూలీలు ఉన్న కంపెనీగా మారిపోవడమో, పనివాళ్ళదిగానే మిగలడమో ఇక్కడే తేలుతుంది. పనివాళ్ళ సంఘాలు నిలబడ్డ ఉదాహరణలు ఉన్నాయి. బెంగళూరులోనే 1957 ఆగస్టులో కాఫీ బోర్డు తీసేసిన కార్మికులు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో కాఫీ కార్మికుల సహకార సంఘం పెట్టుకున్నారు. చర్చి స్ట్రీట్‌లో ఇవాళ్టికీ నడిచే ఇండియా కాఫీ హౌస్ ఆ వారసత్వమే. కేరళలో వడకర దగ్గర ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్టు సంఘం 1925లో పుట్టి ఇప్పుడు రోడ్లు, వంతెనలు కడుతోంది. సంఘం ఎన్నాళ్ళు నిలుస్తుందన్న అనుమానానికి ఈ రెండే నా జవాబు.

మాదిరి బైలాలో మొదట మార్చాల్సింది పాలకవర్గం అనర్హతల పేరా. 'సంఘం నుంచి జీతం లేదా ప్రతిఫలం పొందేవారు పాలకవర్గ సభ్యత్వానికి అనర్హులు' అనే ధోరణి వాక్యం ఉంటుంది. రైతుల సంఘంలో అది న్యాయమే, గుమస్తా డైరెక్టరు కాకూడదు. మన సంఘంలో ప్రతి సభ్యుడూ సంఘం నుంచే కూలి తీసుకుంటాడు. ఆ వాక్యం అలాగే ఉంటే పోటీ చేయడానికి ఒక్కరు మిగలరు, లేదంటే పని చేయని పెద్దమనుషులే డైరెక్టర్లవుతారు. సభ్యుడిగా చేసిన పనికి తీసుకునే వేతనం అనర్హత కిందికి రాదని, మేనేజరు, అకౌంటెంటు వంటి ఆఫీసు ఉద్యోగాలకే అది వర్తిస్తుందని రాయించాలి. ఈ మార్పును చట్టంలోని అనర్హతల సెక్షన్‌తో పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే దాఖలు చేయాలి.

రెండోది ఓటు. ఒక మనిషికి ఒక ఓటన్నది చట్టంలోనే ఉంది. కానీ ఆ మనిషి ఎవరన్నది ఆదాయపన్నుతో ముడిపడి ఉంది. 1961 ఆదాయపన్ను చట్టం 80పి సెక్షన్, సభ్యుల శ్రమను ఉమ్మడిగా వినియోగించే సంఘానికి ఆ పని మీద వచ్చిన లాభం మొత్తానికి మినహాయింపునిస్తుంది. దానికో షరతుంది. ఓటుహక్కు శ్రమ చేసే వ్యక్తులకు, సంఘానికి అప్పిచ్చే సహకార పరపతి సంఘాలకు, రాష్ట్ర ప్రభుత్వానికి తప్ప ఎవరికీ ఉండకూడదని బైలాలోనే రాసి ఉండాలి. ప్రోత్సహించడానికి ఒక లాయరును, ఒక రిటైర్డు ఉద్యోగిని పూర్తి సభ్యులుగా చేర్చుకుంటే ఈ మినహాయింపే ప్రమాదంలో పడుతుంది. అలాంటివాళ్ళను ఓటులేని నామమాత్ర సభ్యులుగా పెట్టుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబరు మారుతుంది. రిటర్నులో ఏది వేయాలో ఆడిటరుతో సరిచూసుకోవాలి.

అదే షరతు వల్ల బయటి కూలీల సంగతీ బైలాలో తేల్చాలి. సభ్యులు కానివాళ్ళతో చేయించిన పని మీది లాభం 'సభ్యుల శ్రమ' కాదని పన్ను అధికారి అనడానికి వీలుంది. దసరా, సంక్రాంతికి సగంమంది ఊళ్ళకు పోతారు, అప్పుడు బయటివాళ్ళు తప్పరు. మేం రాసుకున్నది: సభ్యులు కానివాళ్ళ పనిదినాలు ఏడాది మొత్తంలో ఐదో వంతు దాటకూడదు. ఆరు నెలలు పనిచేసినవాళ్ళకు సభ్యత్వం అడిగే హక్కుంటుంది, కాదనాలంటే కారణం రాసివ్వాలి. ఈ రెండో వాక్యం లేకపోతే పాతవాళ్ళు తలుపు మూసేస్తారు. మిగులును పంచుకునే తలలు తక్కువుంటేనే లాభమన్న ఆశ ఎంత మంచివాళ్ళకైనా పుడుతుంది.

కర్ణాటక చట్టంలో సర్వసభ్య సమావేశాలకు రాని, సంఘం కనీస సేవలు వాడుకోని సభ్యులు ఓటు కోల్పోయే నిబంధన ఉంది. కనీస సేవ అంటే ఏమిటో బైలా చెప్పాలి. మన విషయంలో అది ఏడాదికి ఇన్ని పనిదినాలు అని ఉండాలి. కాన్పు, ప్రమాదం, జబ్బు సెలవులను పనిదినాలుగానే లెక్కించాలని కూడా రాయాలి. లేదంటే ఆడవాళ్ళే ముందు ఓటు పోగొట్టుకుంటారు. షిఫ్టుల పని కాబట్టి సభ ఎప్పుడు పెట్టినా మూడో వంతు మంది డ్యూటీలో ఉంటారు. మధ్యాహ్నం 2 గంటల షిఫ్టు మార్పు వేళకు సభ పెట్టి, ఆ రోజుకు బదిలీ మనుషుల (బదులుగా పనికొచ్చేవాళ్ళ) ఖర్చు సంఘమే భరిస్తే కోరం నిండుతుంది.

షేరు విషయం. ఒక్కొక్కటి 1,000 రూపాయల చొప్పున ఐదు షేర్లు పెట్టాం. ఒకటి చేరేటప్పుడు, మిగతా 4,000 నెలకు 250 చొప్పున 16 నెలల్లో కూలి నుంచి కోత. దీనికి ప్రతి సభ్యుడి రాతపూర్వక సమ్మతి ఫైలులో ఉండాలి, లేకపోతే అది వేతనాల చట్టం ఒప్పుకోని కోతవుతుంది. వెళ్ళిపోయేవాళ్ళకు షేరు ముఖవిలువకే వాపసు, అదీ ఏడాదికి ఇంత శాతం మించకుండా, వరుసక్రమంలో. ఒకేసారి పది మంది వెళ్తే సంఘం మూతపడకుండా ఉండడానికి ఇది కావాలి. మిగులు డబ్బు సంగతి లెక్కతో చెప్తేనే అందరికీ ఎక్కుతుంది. ఏడాదికి 3,00,000 నికర మిగులు వచ్చిందనుకుందాం. నాలుగో వంతు 75,000 రిజర్వు నిధికి తప్పనిసరి. సహకార విద్యా నిధి వాటా, షేరు మీద డివిడెండు కలిపి 15,000 అనుకుందాం. పనిముట్ల నిధికి 30,000. మిగిలిన 1,80,000ను అందరి పనిదినాలతో భాగించాలి. 30 మంది సగటున 300 రోజులు చేస్తే 9,000 దినాలు, అంటే దినానికి 20 రూపాయలు. 300 రోజులు చేసినవాళ్ళకు 6,000, 200 చేసినవాళ్ళకు 4,000. మేస్త్రీకీ ఊడ్చేవాళ్ళకీ దినం దినమే. కూలిలో నైపుణ్యం తేడా ఎలాగూ ఉంది, మిగులులో కూడా ఆ తేడా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంకొకటి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఒక మనిషిని సైటు నుంచి తీసేయడం వేరు, సభ్యత్వం నుంచి తీసేయడం వేరు. అపార్ట్‌మెంటువాళ్ళు 'రేపటి నుంచి ఇతను వద్దు' అంటే సూపర్‌వైజరు ఆ రోజే ఇంకో సైటుకు మార్చగలగాలి. సభ్యత్వం రద్దుకు మాత్రం నోటీసు, వాదన వినడం, సర్వసభ్య సమావేశం తీర్మానం అవసరం. రెండింటినీ ఒకే పేరాలో కలిపితే చిన్న క్రమశిక్షణ చర్య కూడా సెక్షన్ 70 కింద రిజిస్ట్రారు ముందు వివాదంగా తేలుతుంది.

రిజిస్ట్రేషన్ పత్రం చేతికొచ్చాక పాన్, టాన్ (పన్ను కోసి కట్టేవాళ్ళకిచ్చే నంబరు), షాపుల చట్టం కింద నమోదు, జీఎస్టీ, ఈఎస్‌ఐ, పీఎఫ్, ఉద్యమ్ (చిన్న సంస్థల నమోదు) వరుసగా చేసుకుపోవచ్చు. ఇందులో పీఎఫ్ దగ్గర ఒక సందు ఉంది. 50 మంది కంటే తక్కువ ఉండి, విద్యుత్తు వాడకుండా పనిచేసే సహకార సంఘాలకు 1952 పీఎఫ్ చట్టం సెక్షన్ 16 మినహాయింపునిచ్చింది. దాన్ని నమ్ముకోవద్దని నా సలహా. స్క్రబ్బింగ్ మెషిన్ ఒకటి ప్లగ్గు పెట్టి వాడితే చాలు, విద్యుత్తు వాడారా లేదా అన్న వాదన మొదలవుతుంది. పీఎఫ్ చలాను లేకుండా పెద్ద అసోసియేషన్ బిల్లు పాస్ చేయదు కూడా. అంతకంటే ముఖ్యంగా, మనం సొంత సంఘం పెట్టుకున్నది పాత కాంట్రాక్టరు ఎగ్గొట్టినవి మనం కూడా ఎగ్గొట్టడానికి కాదు కదా. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత చట్టాల సెక్షన్లను కోడ్‌లతో పోల్చుకుని చూడాలి.

రేటు ఎలా కట్టాలో ఒక నమూనా. 30 మందికి నెలకు 20,000 చొప్పున కూలి 6,00,000. యజమాని వాటా ఈఎస్‌ఐ 3.25 శాతం, 19,500. పీఎఫ్ 15,000 పరిమితి మీద 12 శాతం, దానికి బీమా, పరిపాలన ఖర్చు అర శాతం చొప్పున కలిపితే మనిషికి 1,950, మొత్తం 58,500. కూడితే 6,78,000. దీని మీద సంఘం నిర్వహణకు 10 శాతం, 67,800. మొత్తం 7,45,800. జీఎస్టీ 18 శాతం 1,34,244 కలిపితే బిల్లు 8,80,044. మనిషి చేతికి తన వాటా పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 150 పోను 18,050 వస్తుంది. ఆ 67,800 లోంచే ఆఫీసు అద్దె, అకౌంటెంటు, యూనిఫారాలు, బదిలీ మనుషులు రావాలి. బోనసు, గ్రాట్యుటీ, సెలవు జీతం విడిగా రేటులో వేయకపోతే ఏడాది చివర సంఘం చేతి నుంచి పెట్టుకోవాల్సి వస్తుంది. కాంట్రాక్టరు 5 శాతానికే చేస్తానంటాడు. అంత తక్కువకు చేయాలంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి మింగాలి, ఆ పోటీలోకి దిగకూడదు.

సంఘాలు మూతపడేది నష్టం వల్ల అనుకుంటారు. నేను చూసినంతలో చేతిలో డబ్బు ఆడక మూతపడతాయి. కూలి 7వ తేదీకి ఇవ్వాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ 15వ తేదీకి, జీఎస్టీ 20వ తేదీకి, బిల్లు వసూలైనా కాకపోయినా కట్టాలి. డబ్బు మాత్రం 45 రోజులకో 60 రోజులకో వస్తుంది, వచ్చినప్పుడు కూడా అసోసియేషన్ 2 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) కోసుకునే ఇస్తుంది. పై బిల్లులో అది నెలకు 14,916. మనకు పన్ను లేకపోయినా ఆ సొమ్ము రిటర్ను వేశాకే తిరిగొస్తుంది. ముందే తక్కువ కోతకు ధ్రువపత్రం అడగడం మేలు. ఈ లెక్కన 30 మంది సంఘానికి కనీసం రెండు నెలల కూలి, అంటే 12 లక్షలు తిప్పుకోవడానికి కావాలి. షేర్ల డబ్బు 1,50,000 దేనికీ చాలదు. అందుకే 30 మందితో ఒకేసారి దిగకుండా, ఎనిమిది పది మంది చాలే ఒక సైటుతో మొదలుపెట్టి, ఆ నిల్వ పెరిగేకొద్దీ రెండో సైటు పట్టుకోవాలి. ఒప్పందంలో బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో చెల్లింపు, ఏప్రిల్ 1న కనీస వేతనాల కరువు భత్యం పెరిగితే రేటూ ఆ మేరకు దానంతటదే పెరగడం, ఇరువైపులా 60 రోజుల నోటీసు రాయించాలి. ఉద్యమ్ నమోదుంటే బకాయిదారు 45 రోజుల్లోపు కట్టాలి, లేదంటే చిన్న, మధ్యతరహా సంస్థల కోసం వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006 ప్రకారం బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. సహకార సంఘానికీ ఇది వర్తిస్తుంది. కోర్టుకు వెళ్ళకుండానే, ఆ సెక్షన్లు రాసిన లేఖ ఒకటి పంపితే చాలాసార్లు డబ్బు కదులుతుంది.

ఇక ఏడాది చివరి పని. మార్చి 31తో లెక్కలు మూసి, ఆడిట్ పూర్తిచేయించి, సెప్టెంబరులోపు వార్షిక సర్వసభ్య సమావేశంలో పెట్టి ఆమోదం తీసుకోవాలి. ఆదాయపన్ను రిటర్ను గడువు దాటితే 80పి మినహాయింపు పూర్తిగా పోతుంది. జరిమానా కట్టి ఆలస్యంగా వేసినా తిరిగి రాదు. మిగులు నిల్వను వాణిజ్య బ్యాంకులో డిపాజిట్ చేస్తే ఆ వడ్డీకి పన్ను పడుతుంది. శిరసి తోటగార్స్ సహకార సంఘం కేసులో 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఈ విషయం మీదే. ఆడిటరు అడిగేవాటిలో అందరూ తడుముకునేది పనిదినాల రిజిస్టరు. మిగులు పంపకం, ఓటు అర్హత, బయటి కూలీల ఐదో వంతు హద్దు, 80పి, అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. సైటు వారీగా, సభ్యులు ఒక రంగులో, సభ్యులు కానివాళ్ళు ఇంకో రంగులో, ప్రతి నెలా చివరి రోజున ఇద్దరు డైరెక్టర్ల సంతకంతో ఆ పుస్తకం మూసేయాలి.